ఎవరు యాడ కూర్చోవాల

కంది కంప ఇంకాస్త లోపలికి తొయ్యరా చిన్నోడా, పొగ నా మొహాన కొడతంది. అమ్మాయ్, నువ్వు ఆ ఫోను పక్కనబెట్టి శాలువా కప్పుకో. మనవాళ్ళు ఈ క్రైస్తవ మతంలో ఎప్పుడు కలిశారు, ఎందుకు కలిశారని పొద్దున అడిగావుగా. ఒక్క ముక్కలో తేలేది కాదది. నాకు నిద్ర ఎట్టాగూ పట్టదు, మీకు రేపు బడి లేదు.

మా జేజమ్మ చెప్పిన మాట ఇది. ఆమెకి అప్పుడు అయిదారేళ్ళు. 1878 జూలై 3. ఆ తారీఖు ఆమెకి తెలవదు, నేను టీచరు ట్రైనింగులో ఉన్నప్పుడు చదివి తెలుసుకున్నా. ఆమెకి గుర్తుందల్లా వాళ్ళ నాయన భుజం, ఆ భుజం మీంచి కనపడిన జనం. ఒంగోలుకి ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డు. ఆ ఒక్కరోజులో 2222 మంది ఏట్లో మునిగి లేచారు. పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం కాసేపు ఆగి, మళ్ళీ పొద్దుగూకేదాకా. మిషనరీ క్లౌ దొర నీళ్ళలో దిగలా, ఒడ్డున నిలబడ్డాడు. నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఒక జత అలిసిపోతే ఇంకో జత. జేజమ్మకి ఇదే గొప్ప. "మా నాయన నెత్తిన చెయ్యేసింది మనోడేనే" అనేది. ఆ నాయన్ని అంతకుముందు ఊళ్ళో ఒక్కరు ముట్టుకున్న పాపాన పోలా. కూలి డబ్బులు కూడా పైనుంచి చేతిలో పడేసేవాళ్ళంట.

ఆ ఏడు గడిచేసరికి లెక్క తొమ్మిది వేలు దాటింది. అది కరువు కాలం, అందుకే ఇప్పటికీ కొందరు అంటారు, కూటి కోసం కలిశారు అని. ఆ మాట మీ బళ్ళో ఎవడైనా అంటే తల దించుకోబాక. జరిగింది చెప్పు.

ధాత కరువు. 1876లో వానలు మొహం చాటేశాయి. రెండేళ్ళ పాటు మద్రాసు రాజధాని అంతా లక్షల్లో చచ్చారు. సర్కారు కరువు పనులు పెట్టింది గానీ, ఆడ మేస్త్రీలంతా పెద్దకులపోళ్ళు. మాదిగోడికి, మాలోడికి తిట్లు ముందు, కూలి ఎప్పుడో. క్లౌ దొర కుర్రతనంలో సర్వే పని చేసినోడు. ఆయన బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కంట్రాక్టు తనే తీసుకున్నాడు. బోధకుల్ని మేస్త్రీలుగా పెట్టాడు. పగలు తట్టా పారా, రాత్రి గుడిసెల ముందర కూర్చుని మాటలు. జేజమ్మ వాళ్ళమ్మ ఆ కాలవలో మట్టి మోసింది. "మాదిగోడే మాకు మేస్త్రీ" అని చెప్పుకునేదంట. ఆ మాటలో ఎంత సంబరం ఉందో మీకు తెలవదు, మీరు మాస్టార్ల పిల్లలు.

సరే, కూటి కోసం అన్నారే. ఆ పని నడిచినన్నాళ్ళూ, దగ్గర దగ్గర పదిహేను నెలలు, దొర ఒక్కరికి బాప్తిస్మం ఇవ్వలా. ఇవ్వండయ్యా అని జనం వెంటపడ్డా ఇవ్వలా. అన్నం కోసం వస్తున్నారేమోనని ఆయనకే అనుమానం. కాలవ పని అయిపోయింది, ఇక ఇవ్వటానికి డబ్బుల్లేవు, ఎవరిళ్ళకి వాళ్ళు పొండి అన్నాక, అప్పుడొచ్చారు గుండ్లకమ్మ కాడికి. ఏమీ దొరకదని తెలిసి వచ్చారు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తది.

ఇంకో సంగతి. దొర వచ్చి చెప్పిందాకా మనోళ్ళకి దేవుడంటేనే తెలవదన్నట్టు మాట్లాడతారు, పాస్టర్లు కూడా. నాకు ఒళ్ళు మండుద్ది. ఎర్రగుంట్ల పేరయ్యగారని ఉండేవాడు, కనిగిరి వైపు తాళ్ళకొండపాడు. తోళ్ళ బేరం ఆయనది, ఊళ్ళమ్మట తిరిగేవాడు. మనోళ్ళలో ముందు కలిసింది ఆయనే. కలవకముందు ఆయన ఏం చేసేవాడో ఎవరూ చెప్పరు. బండికట్ల వీరమ్మ అని ఒక గురువమ్మ, పోతులూరి వీరబ్రహ్మంగారి దారిలో నడిచిన మనిషి. ఆమె దగ్గర పేరయ్య యోగం నేర్చుకున్నాడు, కళ్ళు మూసుకుని గంటలు గంటలు కూర్చునేవాడు. వెతుకులాటలో ఉన్నోడే ఆయన. తోళ్ళ బేరానికి ఏలూరు దాకా పోయినప్పుడు యేసు మాట చెవిన పడింది. 1866లో ఆయనా, పెళ్ళాం నాగమ్మా ఒంగోల్లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత ఆయన ఊరుకోలా, పల్లె పల్లెకీ తిరిగి చెప్పాడు. దొర గుడారం వేసుకుని తాళ్ళకొండపాడు వచ్చేనాటికి పంట కోతకొచ్చి ఉంది. విత్తింది పేరయ్య, పేరు దొరకొచ్చింది. దొరని తక్కువ చేయట్లా నేను. మన ఒంగోల్లో ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. కానీ గుళ్ళో పేరయ్య ఫొటో ఎంతమంది పెట్టారో చూడండి.

దొర గొప్పతనం ఇంకోచోట ఉంది. ఒంగోల్లో వాళ్ళు పెట్టిన బళ్ళో అప్పటికి బ్రాహ్మల పిల్లలు, పెద్దకులాల పిల్లలు చదివేవాళ్ళు. పెద్దలు దొర పట్ల మంచిగానే ఉన్నారు. మాదిగలు రావటం మొదలయ్యేసరికి, వీళ్ళని చేర్చుకుంటే మేం రామన్నారు. పెద్దకులపోళ్ళు నలుగురు కలిస్తే దేశమంతా కలుస్తదని ఆరోజుల్లో చానామంది దొరల లెక్క. మాదిగల్ని పట్టుకుంటే ఆ లెక్క గల్లంతే. దొరకి ఏం చేయాలో పాలుపోలా. తన గదిలోకి పోయి బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం చివర. లోకం నీచమైనవాళ్ళనుకున్న వాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పే చోటు. బయటికొచ్చి దొరసాని హ్యారియెట్‌కి చెబితే, ఆమె వేరే గదిలో వేరే బైబిలు తెరిచి అదే చోటు చదువుకుని ఉంది. ఆయనే తర్వాత చెప్పుకున్నాడు ఈ సంగతి. అద్భుతమంటారో, ఇద్దరి మనసులో ముందే ఉన్నది బయటపడిందంటారో మీ ఇష్టం. పెద్దకులపోళ్ళు పిల్లల్ని తీసుకుపోయారు. బడి ఖాళీ అయింది. దొర పోనిచ్చాడు. ఆ పోనివ్వటమే మన పుట్టుక.

ఊరు ఊరుకుంటదా? ఆదివారం వెట్టికి రామన్నారు మనోళ్ళు. చచ్చిన గొడ్డు కూర ముట్టం అన్నారు. జాతర్లో డప్పు కొట్టేది లేదన్నారు. పనికి పిలవటం మానేశారు, దారిన పోనీలా, దొంగతనాలు అంటగట్టి ఠాణాలో పెట్టించారు. మా జేజి నాయన వీపు మీద చేతికర్ర దెబ్బ చచ్చేదాకా మానలా. వీటిలో డప్పు మాన్పించటం ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. వెట్టికి కొట్టమంటే కొట్టం అనటం న్యాయమే. కానీ తోలు శుద్ధిచేసి, సెగకి కాచి, వేళ్ళతో పలికించే విద్య మనది. దాన్ని సైతాను వాయిద్యమని ఎందుకు వదిలించాల? దేవుడికి కొట్టుంటే పోయేది. 1994లో మన జిల్లాలోనే ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పుడు డప్పు మళ్ళీ చంకనెక్కింది, అదీ గుడి బయటే. గుళ్ళో ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్లు. చెవులు చిల్లులు పడతన్నయ్.

నవ్వింది చాల్లే, ఇప్పుడు అసలు కథ. బయటోళ్ళు పెట్టిన కంచె దాటినోళ్ళం, లోపల మనమేం చేశాం?

మీ తాత మాలాయన, నేను మాదిగదాన్ని. మీకు ఇది లెక్కలోదే కాదు. 1966లో ఇది ఊరు కదిలిపోయే సంగతి. ట్రైనింగులో ఇద్దరం ఒకే క్లాసు. ఆయనది డోర్నకల్ అధ్యక్ష మండలం. వాళ్ళ నాయనకి బిషప్ అజరయ్యగారు చేతులుంచి కన్ఫర్మేషన్ ఇచ్చారంట, అది చెప్పేటప్పుడు మీ తాత కొంచెం నిటారుగా కూర్చునేవాడు. అజరయ్యగారు తిరునల్వేలి తమిళాయన. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్, 1912లో. అంతకు రెండేళ్ళ ముందు ఎడింబరో మహాసభలో తెల్లవాళ్ళ మొహాన్నే చెప్పొచ్చాడు, మీరు మాకు అన్నీ ఇచ్చారు గానీ స్నేహం ఇవ్వలేదని. డోర్నకల్లో ఆయన కట్టించిన పెద్ద గుడి 1939లో తెరిచారు. పెళ్ళయ్యాక మీ తాత ముందు నన్ను తీసుకుపోయింది ఆడికే. గుమ్మటాలు చూస్తే మసీదు, స్తంభాలు చూస్తే హిందువుల గుడి, లోపలికి పోతే సిలువ. ఈ నేల మీదోళ్ళు ఎవరొచ్చినా ఇది పరాయి ఇల్లు అనుకోకూడదని అట్టా కట్టించాడు. చెప్పులు బయట విడిచి లోపలికి పోయి చాలాసేపు కూర్చున్నాం.

ఆ పెళ్ళి ఎట్టా అయిందనుకున్నారు? మాది బాప్టిస్టు, వాళ్ళది సీఎస్ఐ. స్వాతంత్ర్యం వచ్చిన నెలన్నరకి, 1947 సెప్టెంబరు 27న, ఆంగ్లికన్లూ మెథడిస్టులూ ఇంకా కొందరూ కలిసి ఒకటే సంఘమయ్యారు, అదే సీఎస్ఐ. మా బాప్టిస్టులు కలవలా. మావాళ్ళేమో, అబ్బాయికి పసితనంలో నీళ్ళు చిలకరించారు, అది చెల్లదు, ఏట్లో ముంచితేనే పిల్లనిస్తాం అన్నారు. వాళ్ళేమో బాప్తిస్మం ఒక్కసారే, రెండోసారి ముంచితే మొదటిదాన్ని కాదన్నట్టే అన్నారు. ఇరువైపులా వాక్యాలు ఏకరువు పెట్టారు. మధ్యలో కూర్చున్న నాకు నవ్వొచ్చింది. పైకి నీళ్ళ గొడవ, లోపల కులం. మాలోళ్ళకి మాదిగ ఇంటి సంబంధం మింగుడుపడలా, మావాళ్ళకి మాలోళ్ళ పెద్దరికం గిట్టలా. ఆ మాట ఒక్కరు పైకి అనరు, బైబిలు చేతిలో ఉందిగా!

మా ఊరి అయ్యగారు పెళ్ళి చేయనన్నాడు. వేరే ఊరి అయ్యగారొకాయన చేశాడు. పెళ్ళి రోజు వాళ్ళ తరఫోళ్ళు బెజవాడలో రైలు మారి వచ్చారు, అలిసిపోయి ఉన్నారు. మా అమ్మ ఆకులేసి పప్పూ, వంకాయా, మాంసం, పాయసం వడ్డించింది. ముందు వరసలో ఇద్దరు పెద్దోళ్ళు ఆకు ముందు కూర్చోలా. "ఇంటికాడ నుంచి తెచ్చుకున్నాం" అని ఇత్తడి క్యారియరు విప్పారు. అందులో పులిహోర. ఆ పసుపుపచ్చ మెతుకులు నాకు ఇప్పటికీ కళ్ళకి కడతయ్. అంతకు గంట ముందే మేమంతా ఒకే రొట్టె విరుచుకుని ప్రభు బల్లలో చెయ్యేశాం. రొట్టెకి లేని మైల అన్నానికొచ్చింది. మా అత్తగారు మాత్రం, ఆ మహాతల్లి, ఆ ఇద్దరి పక్కనే ఆకు వేయించుకుని రెండుసార్లు పప్పు అడిగి తింది. వాళ్ళకి కనపడాలనే తింది.

ఇప్పుడు మారిందా అంటే, సగం. గుళ్ళో ఆకులు అందరికీ ఒకటే వేస్తన్నాం. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు మాత్రం పాస్టరుగారి పిల్లలకి కూడా "మనోళ్ళేనా" అని అడగటం మానలా. కాతోలిక్కుల్లో రెడ్ల గుళ్ళు, కమ్మోళ్ళ గుళ్ళు ఉన్నయ్, వాళ్ళ కథ వాళ్ళది. అయినా 2022లో మన కర్నూలు జిల్లాలో పుట్టిన పూల ఆంథోనీగారిని కార్డినల్ చేశారు. దళితుల్లో మొదటి కార్డినల్ ఆయనే, తెలుగోళ్ళలోనూ ఆయనే మొదలు. టీవీలో చూసి నేను మందులేసుకోవటం మర్చిపోయా.

సర్కారు సంగతి కూడా చెప్తా, గబగబా. మీ నాన్నకి గుళ్ళో పేరొకటి, సర్టిఫికెట్లో పేరొకటి ఎందుకని అడిగావు కదమ్మాయ్ ఒకసారి. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వొకటి వచ్చింది, హిందువులైతేనే ఎస్సీలని. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మనల్ని చేర్చలా. మన రాష్ట్రంలో కలిసినోళ్ళకి బీసీ-సీ అని ఒక్క శాతం. మతం మారితే కులం పోద్దని కాగితం అంటది. మరి పులిహోర క్యారియరు ఏమంటది? పొలం గట్టున మనల్ని పలకరించే తీరు ఏమంటది? దీని మీద బాలకృష్ణన్ గారి కమిషన్ ఒకటి వేశారు 2022లో. ఆ ఉత్తర్వు మారేదాకా మీ నాన్న పేర్లు రెండూ అట్టానే ఉంటయ్. దొంగ పేరని ఎవరైనా అంటే ఊరుకోబాకండి. దొంగతనం మనది కాదు.

ఆడోళ్ళ సంగతి అడగవేందే? ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కావుగా. 1854 జనవరి ఒకటో తారీఖు తెల్లారుజామున అయిదుగురు ఆ కొండ మీద మోకాళ్ళూని ఈ తెలుగోళ్ళ కోసం ప్రార్థన చేశారు. జూయెట్ దొర, దొరసాని, జూలియమ్మ, రూతమ్మ, నర్సు అనే ఆయన. లెక్కేసుకో. అయిదుగురిలో ముగ్గురు ఆడోళ్ళు, ముగ్గురు తెలుగోళ్ళు. తర్వాత బైబిలు స్త్రీలని ఉండేవాళ్ళు, తెల్లచీర, చంకలో సంచి, గోషా ఇళ్ళలోకి కూడా పోయి చదువు చెప్పేవాళ్ళు. ఇంత చేసినోళ్ళని ప్రసంగ వేదిక ఎక్కనీలా చానా ఏళ్ళు. సీఎస్ఐ వాళ్ళు 1970లలోనే ఆడోళ్ళకి గురుపట్టం ఇచ్చారు. 2013లో నంద్యాలలో పుష్పలలితమ్మగారు బిషప్ అయ్యారు, మన దేశంలో సీఎస్ఐకి మొదటి ఆడ బిషప్. మన సంఘంలో ఇప్పటికీ మదర్స్ డే నాడు తప్ప ఆడమనిషి వాక్యం చెప్పదు. చెబితే ఏమవుద్దో నాకైతే అర్థంకాదు. నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన నోరు ఇది.

ఇక ఇప్పటి గొడవ. మీకు వాట్సాపులో వచ్చే ఉంటది. టౌన్లో టైలరింగు షాపు పెట్టుకుందే, ఆ పిల్ల. మగపిల్లాడిగా పుట్టింది, చీరకట్టులో బతుకుతంది. మీరు ట్రాన్స్‌జెండర్ అంటారు. 2014లో సుప్రీంకోర్టే చెప్పింది, వాళ్ళని వాళ్ళెట్టా చెప్పుకుంటే అట్టా ఒప్పుకోవాలని. ఆ పిల్ల ఆదివారాలు వస్తంది, వెనక తలుపు దగ్గర నిలబడతది. గొంతు విన్నారా? దండిగా ఉంటది, కొస దాకా వణకదు. క్రిస్మస్‌కి సోలో పాడించండని నేనే అన్నా. కమిటీలో కాపురాలు కూలిపోయినంత గోల.

ఒక పెద్దాయన ద్వితీయోపదేశకాండం ఇరవైమూడో అధ్యాయం తీశాడు. ఆడ ఉంది నిజమే, నపుంసకులు సమాజంలోకి రాకూడదని. నేను యెషయా యాభై ఆరు తియ్యమన్నా. అట్టాంటోళ్ళకే తన ఇంట్లో కొడుకులకన్నా, కూతుళ్ళకన్నా మంచి పేరిస్తానని అదే దేవుడు అంటాడు ఆడ. తర్వాత అపొస్తలుల కార్యములు ఎనిమిది. ఐతియొపీయ నపుంసకుడు రథం ఆపించి, ఇదిగో నీళ్ళు, నాకేం అడ్డమని అడిగితే ఫిలిప్పు ఒక్క అభ్యంతరం చెప్పకుండా దిగాడు నీళ్ళలోకి. కమిటీ పెట్టలా. ఆ పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, "అమ్మా, ముందు మారుమనస్సు పొందాల, ఆ తర్వాతే పాట" అన్నాడు.

అప్పుడు నేను గుండ్లకమ్మ సంగతి ఎత్తా. క్లౌ దొర కూడా పరీక్ష పెట్టాడయ్యా, పదిహేను నెలలు ఆగమన్నాడు. కానీ ఆయన చూసింది ఏంది? అన్నం కోసం వస్తన్నారా, దేవుడి కోసం వస్తన్నారా అని. నువ్వు ఎట్టా పుట్టావని చూడలా. పుట్టుక చూసుంటే నీ ముత్తాత, నా ముత్తాత ఇద్దరూ ఒడ్డునే మిగిలేవాళ్ళు. ఈ పిల్లకి మన గుళ్ళో ఏం దొరుకుతందని వస్తది? చూపులు తప్ప? అయినా వానలోనూ వస్తంది.

ఆ పిల్లని కూడా అడిగా. "జేజమ్మా, నాకు మైకు వద్దు, ఆడోళ్ళ చాప మీద కూర్చోనిస్తే చాలు" అంది. ఒసే, చాప నువ్వు అడుక్కోవాల్సింది కాదే, పాట మానుకోవాల్సింది కూడా కాదే అని తిట్టా. పోయిన ఆదివారం నా పక్కన కూర్చోబెట్టుకున్నా. ముందున్న ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. ఒకామె లేచి అవతలికి పోయింది. ఇంకో ముసలామె, నాకన్నా పెద్దది, కళ్ళు సరిగా కనపడవు ఆమెకి, పాటల పుస్తకం ఆ పిల్ల చేతికిచ్చి "నంబరు వెతికి పెట్టు తల్లీ" అంది.

కమిటీ ఇంకా తేల్చలా. పండగ దాటనిచ్చి చూద్దామంటున్నారు పాస్టరుగారు. పండగకే పాడిద్దామని నేనంటున్నా. ఆ పిల్లకి సి శ్రుతి ఎక్కువైతంది, ఒక మెట్టు దించమని రేపు కీబోర్డు కుర్రాడికి నువ్వు ఫోను చేసి చెప్పు.